మామయ్య పడవెక్కిన వేసవి

షాలోన్ రేవు, సోన్ నది
మే మొదటి వారం

అమ్మాయ్ జిస్లేన్,

క్షేమంగా చేరాను. గాస్పార్ గట్టు మీద నిలబడి నా పెట్టె చూసి, "ఏరా అన్సెల్మ్, నాలుగు రోజులుండి పోతావా, కాపురానికొచ్చావా? ఇంత పెట్టె ఏమిట్రా!" అని రేవంతా వినబడేలా అరిచాడు. బళ్ళో నా పక్కన కూర్చుని నా రొట్టె లాక్కు తిన్న రోజుల్లో ఎంత గొంతో, ఇప్పుడూ అంతే గొంతు.

వాడి పడవ ఒకప్పుడు ఇసుక మోసింది. ఇప్పుడు దాని కిటికీలకు తెల్ల తెరలు కట్టి, యాత్రికులను ఎక్కించుకుని, ఇక్కడి నుంచి ఆర్ల్ దాకా నది వెంట తీసుకెళ్ళి మళ్ళీ తెస్తాడు. వేసవంతా అదే పని. ముందు వైపు గది నాకిచ్చాడు. బాడుగ మాటెత్తితే నీళ్ళలోకి తోసేస్తానన్నాడు.

ఈ నది నడుస్తున్నట్టే ఉండదమ్మా. పొద్దున కిటికీ తెరిస్తే మనం ఉన్నచోటే ఉన్నట్టూ, ఒడ్డే మెల్లగా మనల్ని దాటిపోతున్నట్టూ ఉంటుంది. ఇవాళ పొగమంచులో ఆవులు కనిపించాయి. కాళ్ళు మంచులో కరిగిపోయాయి, వీపులు మాత్రం తెల్లగా తేలుతున్నాయి. అవి ఆవులని నాకు నేను చెప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది.

గులాబీలు కోతకొచ్చే నెలలో నేను గ్రాస్ వదిలి వచ్చానని ఊరంతా చెప్పుకుంటూ ఉంటుంది. చెప్పుకోనీ. జనవరిలో వచ్చిన ఆ జ్వరం తర్వాత నేను సరిగ్గా కోలుకోలేదని నువ్వే కదా అంటూ వచ్చావు. మన సెంటు కార్ఖానా తాళాలు నీ దగ్గరే ఉన్నాయి, నాకు బెంగ లేదు. పని విషయాలు మాత్రం రాయకు. పూలెలా ఉన్నాయో రాయి చాలు. లియోన్ రేవు ఆఫీసుకు పంపితే పడవకు అందిస్తారు.

నీ మామయ్య
అన్సెల్మ్

*

గ్రాస్
మే చివర

మామయ్యగారికి,

మీరు వద్దన్నారు కాబట్టి పని విషయమే రాస్తున్నాను.

గులాబీలు ఈసారి కూడబలుక్కున్నట్టు ఒకేసారి విచ్చుకున్నాయి. తెల్లవారి తోటలో అడుగుపెడితే వాసన నేల నుంచి లేచి ముందు మోకాళ్ళకు తగులుతుంది, తర్వాత గొంతుకు. సంచి నడుముకు కట్టుకుంటూ మా అసుంతా పిన్ని మొదటిరోజే మొదలుపెట్టింది.

"మీ ముసలాయన ఏడమ్మా? గులాబీల మీద అలిగి పోయాడా?"

"గాలి మార్పు కోసం వెళ్ళారు పిన్నీ."

"గాలి మార్పా! ఆ ఇంట్లో మగాళ్ళకి కాలు నిలవదే తల్లీ. కొడుకేమో నిన్నొదిలేసి లీల్ పోయి టైర్లు అమ్ముకుంటున్నాడు, తండ్రేమో పడవెక్కాడు. నువ్వు మాత్రం విడాకులు పుచ్చుకుని కూడా ఆ కార్ఖానానే పట్టుకుని వేలాడుతున్నావు. మీ అమ్మ ఉంటే చెవి మెలేసేది."

కోతకొచ్చిన వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నోటికి జవాబు చెప్పగలిగింది మీరొక్కరే, మీరేమో అక్కడున్నారు.

ఇక అసలు సంగతి. మార్సెయ్ కొట్టు మదాం రుబో స్వయంగా వచ్చింది. జాజిపూలతో కొత్త సెంటు ఒకటి కావాలట, సెప్టెంబరు లోపల. నచ్చకపోతే ఇక మన దగ్గర సరుకే తీసుకోదట. ఆవిడ అన్నమాట తప్పే మనిషి కాదని మీకు తెలుసు. తోట పై అంచున విల్లాలు కట్టేవాళ్ళు మళ్ళీ వచ్చి, గోడ పక్కన నిలబడి, మన జాజి మొక్కలను వాళ్ళవే అయినట్టు చూసి వెళ్ళారు.

మొదటి ప్రయత్నం చేశాను. సెంటులో ముంచిన కాగితం పట్టీని గాజు గొట్టంలో పెట్టి మూత బిగించి పంపుతున్నాను. ఎప్పటిలాగే ఒక్క ముక్క రాయండి. మీ మాట లేకుండా నేను ఏదీ బయటికి పంపలేదు, పంపను.

జిస్లేన్

*

లియోన్
జూన్

అమ్మాయ్,

పట్టీ అందింది. మొత్తం మీద బాగుంది. పైన నారింజ పూలు కాస్త గోల చేస్తున్నాయి, తగ్గించు. మిగతాది నీకే తోస్తుంది.

ఇక్కడ రెండు నదులు కలుస్తాయి. సోన్ పచ్చగా, నిద్రమత్తులో వస్తుంది. రోన్ కొండల చలి తెచ్చుకుని, తెల్లబారి, విసురుగా వస్తుంది. కలిశాక కూడా చాలా దూరం దేని రంగు దానిదే. నేను కుర్చీ వేసుకుని ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి పడవ ఆ గీత మీదే నిద్రపోతున్నట్టు అనిపించింది. బహుశా నిద్రపోయింది నేనే.

తూర్నూలో ఒకావిడ ఎక్కింది. పేరు ఉగెట్ లకోంబ్. భర్త పోయాక మాంసం కొట్టు తానే నడిపి, ఈమధ్యే అమ్మేసిందట. వారానికని ఎక్కి, మరో వారం ఉంటానంది. గాస్పార్ వంటవాడి మీద కోపమొచ్చి వంటగది తానే తీసుకుంది. నన్ను చూసి, "మీరేం చేసేవారు?" అని అడిగింది. "సబ్బులు అమ్మేవాణ్ణి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "సబ్బులమ్మిన మనిషి ఇంత దిగులుగా ఎందుకుంటాడు?" అంది. అదే నాకూ తెలియలేదు.

అడగాలనుకుంటూ మరిచాను. మార్చిలో, నేను మందుల కోసం వెళ్ళొచ్చిన రోజు, మన గుమ్మం ముందు పారిస్ నంబరు కారొకటి ఆగి ఉంది. ఎవరు వాళ్ళు?

మామయ్య

*

గ్రాస్
జులై

మామయ్యగారికి,

ఆ కారు వాళ్ళు ఏదో పనిమీద వచ్చారు, వెళ్ళిపోయారు. చెప్పుకోదగ్గది కాదు.

మీరు చెప్పినవి దృష్టిలో పెట్టుకుని మళ్ళీ చేశాను. ఇదే చివరి రూపం అనుకుంటున్నాను. పట్టీ జతచేశాను. దయచేసి వివరంగా రాయగలరు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. జాజి మొగ్గ తొడిగింది.

జిస్లేన్

*

తూర్నోన్, రోన్ నది
జులై చివర

అమ్మాయ్ జిస్లేన్,

ఇంత పొడి పొడి ఉత్తరం నీ చేతి నుంచి రావడం ఇదే మొదలు. ఎండ వల్లనేమో అనుకున్నాను. కానీ ఆ పట్టీ తీశాక నీ అలసట అర్థమైంది. ప్రాణమంతా అందులోనే పెట్టావు.

ఎంత బాగా చేశావమ్మా! జాజి ముందుకొచ్చి మీద పడటం లేదు, తలుపు చాటున నిలబడి తొంగి చూస్తోంది. కింద వట్టివేరు తడి నేలలా చల్లగా పరుచుకుంది. చివర్న గంధం ఎక్కడో దూరంగా. ఇక దేన్నీ ముట్టుకోకు. ఇలాగే పంపించెయ్.

మేం పగలంతా లాకుల్లో గడుపుతున్నాం. పెద్ద తలుపులు మూసుకుంటాయి, నీళ్ళు దిగిపోతాయి, పడవ బావిలోకి జారినట్టు గోడల మధ్య కిందికి, ఇంకా కిందికి దిగుతుంది. పైన ఆకాశం చేతి రుమాలంత మిగులుతుంది. ఆ తర్వాత ముందు తలుపులు విడిపడి, వెలుతురూ నదీ కలిసి లోపలికొస్తాయి. ఎప్పుడో కన్న కలలోకి మళ్ళీ దారి దొరికినట్టుంటుంది.

మామయ్య

*

గ్రాస్
ఆగస్టు మొదట్లో

మామయ్యగారూ,

ఆ పట్టీ మీద ఉన్నవి నీళ్ళు. మన వంటింటి కుళాయి నీళ్ళు.

ఈ మాట ఎలా రాయాలో తెలియక చాలా కాగితాలు పాడుచేశాను. ఎలా రాసినా అంతే కదా. మొదటి పట్టీలో నారింజ పూలు తగ్గించమన్నారు. నేనందులో నారింజ పూలు వేయనే లేదు. అయినా మీరన్నారు కదా అని పిచ్చిదానిలా సీసాలన్నీ ముందేసుకుని వెతికాను. అప్పుడు ఫిబ్రవరిలో ఒక ఉదయం గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు మాడి నల్లబడిపోతుంటే, మీరు పక్కనే కూర్చుని పత్రిక చదువుకుంటున్నారు. నేను మెట్ల మీద నుంచే ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చాను. మీరు తలెత్తి, "ఏమైందమ్మా?" అన్నారు.

ఆ జ్వరంతోనే పోయింది కదూ?

నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా? లూసియన్‌తో కాపురం తెగింది గానీ మీతో తెగిందని నేనెప్పుడూ అనుకోలేదు. నీళ్ళు పంపడం తప్పే. నేరుగా అడిగితే మీరు నవ్వేసి మాట దాటేస్తారని భయపడ్డాను.

జిస్లేన్

*

వివియే
ఆగస్టు

జిస్లేన్,

నీ పరీక్షలో తప్పాను. సంతోషమేనా?

ఆ పారిస్ కారు దేనికొచ్చిందో నాకు తెలుసు. మన వీధి రొట్టెల కొట్టామె అప్పుడే చెప్పింది. పెద్ద కంపెనీ, పెద్ద ఉద్యోగం. వెళ్ళు. కుళాయి నీళ్ళు పొగిడే ముసలాడి దగ్గర నేర్చుకునేది ఇక ఏముంది? తాళాలు రొట్టెల కొట్టులో ఇచ్చి వెళ్ళు.

అన్సెల్మ్ బరాల్

*

వివియే
ఆగస్టు చివర

అమ్మాయ్,

వెనకటి ఉత్తరం నీకు చేరకముందే నది దాన్ని మింగేస్తే బాగుండునని రోజూ అనుకుంటున్నాను. ఈపాటికి చేరే ఉంటుంది.

ఇంజను పాడై పడవ ఇంకా ఇక్కడే ఉంది. గాలి బాగా వీస్తోంది. నేను గది తలుపేసుకుని పడుకుంటే, ఉగెట్ వచ్చి తలుపు తన్నింది. నిజంగానే తన్నింది.

"లేవండి. పైవీధిలో ఎవరో సెంటు చేసే అమ్మాయుందట. మనమే కలుపుకోవచ్చట. అందరూ వెళ్తున్నారు."

"నేను రాను."

"సబ్బులమ్మిన మనిషికి సెంటంటే భయమేమిటి? లేస్తారా, గాస్పార్‌ని పిలవనా?"

వెళ్ళాను. రాళ్ళ వీధి చివర చిన్న ఇల్లు. పూర్వం చాకిరేవు వాళ్ళదట, రాతి తొట్లు ఇంకా ఉన్నాయి. ఆ అమ్మాయి పేరు నొయెల్. బల్ల మీద చిన్న చిన్న సీసాలు వరసగా పెట్టింది. కిటికీలోంచి ఎండ ఆ సీసాల మీద పడి, గోడంతా తేనెరంగు, ఆకురంగు మచ్చలు ఆడుతున్నాయి. మన కార్ఖానాలో పొద్దుటిపూట అచ్చం ఇలాగే ఉంటుంది కదా.

"భయపడకండి తాతగారూ," అంది నొయెల్. "ఒక్కోటి వాసన చూడండి. నచ్చినవి కలపండి. తప్పంటూ ఏమీ ఉండదు."

తప్పంటూ ఉండదట! ఇంకెక్కడైనా ఆ మాట వింటే పోట్లాడేవాణ్ణి. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. గోడకు ముక్కు ఆనించినట్టు. రెండోది, అదీ అంతే. పక్కన అందరూ "అబ్బ!" అనీ "ఛీ!" అనీ అంటున్నారు. నేనొక్కణ్ణే గాజు తలుపు అవతల నిలబడి పెళ్ళివిందు చూస్తున్నట్టున్నాను.

అప్పుడు కళ్ళు మూసుకున్నాను. జాజి అనుకోగానే తలలో జాజి లేచింది. మన తోటది, సెప్టెంబరులో మంచు ఆరుతున్నప్పటిది. దాని పక్కకు గులాబీని పిలిచాను, వచ్చింది. లవంగం వచ్చింది, వట్టివేరు వచ్చింది. నిద్రలో నడిచేవాడిలా చుక్కలు వేస్తూ పోయాను. నేను మొట్టమొదట అమ్మిన సెంటు అది. నా చేతులకు అది కంఠతా వచ్చు. మూత బిగించినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్ని నెలల్లో మొదటిసారి నా ఇంటికి నేను వెళ్ళొచ్చినట్టుంది.

ఉగెట్ చేతికిచ్చాను. ఆవిడ వాసన చూసింది. సీసా దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చింది.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పనా?"

"చెప్పండి."

"ఓసారి మా చల్లగదికి కరెంటు పోయింది. మూడోనాడు తలుపు తీశాం. అదిగో, ఆ రోజు గుర్తొచ్చింది."

నొయెల్ పాపం మర్యాదస్తురాలు. తానూ చూసి, "బట్టల అల్మారాలో... పురుగులు రాకుండా..." అంటూ ఆగిపోయింది.

నాకు నవ్వొచ్చింది జిస్లేన్. ఎంత నవ్వానంటే, రాతి తొట్టి అంచు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. ఉగెట్ నా చేయి పట్టుకుని రేవుకు తీసుకొచ్చింది. అక్కడ గట్టు మీద కూర్చుని అంతా చెప్పేశాను. నేనెవరో, నా ముక్కు ఏమైందో, నీతో ఎలా అబద్ధమాడానో, నీకేం రాశానో. అంతా విని ఆవిడ అంది కదా, "అయితే నా చేపల పులుసు ఘుమఘుమలాడుతోందని రోజూ అన్నది కూడా అబద్ధమేనన్నమాట!"

"ఉప్పు మాత్రం తెలుస్తుంది. ఉప్పెక్కువ వేస్తారు," అన్నాను.

"ఇప్పుడు మనిషిలా మాట్లాడారు," అంది.

నేను పరాయిదాన్నా అని అడిగావు. పరాయిదానివని కాదమ్మా, పరాయిదానివైపోతావేమోనని నా భయం. నా కొడుకు వెళ్ళిపోయాక నువ్వు ఆ ఇంట్లో ఉండటానికి నేను నేర్పే విద్య తప్ప వేరే కారణం నాకు కనిపించలేదు. ముక్కు పోయిందని తెలిస్తే ఆ కారణం కూడా పోతుందనుకున్నాను. అందుకే గులాబీల కోత మొదలవకముందే పారిపోయి వచ్చాను.

ఆ సీసా పంపుతున్నాను. ఉగెట్ మాంసం కొట్టు మనిషి. నీ మాట కావాలి. ఈసారి నువ్వు చెప్పు, నేను వింటాను.

మామయ్య

*

గ్రాస్
సెప్టెంబరు చివర

మామయ్యగారికి,

సీసా వచ్చిన రోజు తెరవలేదు. మర్నాడు కోత అయ్యాక, చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని తెరిచాను. బాగుండాలని ఎంత కోరుకున్నానో. మళ్ళీ మళ్ళీ చూశాను.

బాగాలేదు మామయ్యగారూ.

లవంగం మిగతా అన్నిటినీ మింగేసింది. నొయెల్ దగ్గరున్న జాజి పూల నుంచి తీసినది కాదు, రసాయనాలతో తయారుచేసినది. మీ లెక్క మన జాజికి సరిపోతుంది, దానికి సరిపోదు. గులాబీ పాతబడి పులిసింది. వట్టివేరు ఒక్కటే నిలబడింది. మీ చేతి పనిని నేను బాగాలేదనడం ఇదే మొదటిసారి. ఈ వాక్యాలు రాసి, లేచి తోటలో ఒక చుట్టు తిరిగి వచ్చి కూర్చున్నాను. ఆకాశమేమీ విరిగి పడలేదు.

మీ కోపం ఉత్తరం వచ్చినప్పుడు తాళాలు తీసుకుని నిజంగానే రొట్టెల కొట్టు దాకా వెళ్ళాను. ఆవిడ, "ఏమ్మా, ఏం కావాలి?" అంది. ఒక రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

పారిస్ వాళ్ళ సంగతి. రొట్టెల కొట్టామె మీకు సగమే చెప్పింది. వాళ్ళకు మార్చిలోనే, గుమ్మంలోనే, కాఫీ కూడా ఇవ్వకుండా, రానని చెప్పేశాను. చెప్పుకోదగ్గది కాదని రాసింది అందుకే. మీ ముక్కు కోసమే నేనిక్కడ ఉన్నానని మీకెవరు చెప్పారు?

లూసియన్ వెళ్ళిపోయిన ఉదయం నేను మేడ మీద బట్టలు సర్దుకుంటున్నాను. మా అమ్మ దగ్గరికి పోదామని. మీరు తలుపు దగ్గరికొచ్చారు. వాడి గురించి ఒక్క మాట అనలేదు. "కలాబ్రియా నుంచి నిమ్మనూనె వచ్చిందమ్మా, మూత బిగుసుకుపోయింది, నా ఒక్కడి వల్ల కావడం లేదు, ఓ చెయ్యి వెయ్యి," అన్నారు. కిందికొచ్చాను. మూత పట్టుకోగానే ఊడొచ్చింది. ముందే వదులు చేసి ఉంచారు. నాకు తెలుసని మీకు తెలియదు. ఆ రోజే పెట్టెలోంచి బట్టలు తీసేశాను. ఇందులో ముక్కు సంగతి ఎక్కడుంది?

ఇక మదాం రుబో. మీ మాట లేకుండానే పంపాను. పంపేముందు మీ కుర్చీలో కూర్చుని, మీరేమంటారో ఊహించుకోబోయి మానేశాను. నాకేమనిపిస్తోందో అదే చూశాను. జాజి కింద ఎండుగడ్డి వాసన కొంచెం కలిపాను. మీరైతే ఒప్పుకునేవారు కాదు. నిన్న ఆవిడ ఫోన్ చేసింది. "ఇది బరాల్ గారి పని కాదే! ఎవరు చేశారు?" అంది. "నేనే చేశాను. బాగుందని నిర్ణయించింది కూడా నేనే," అన్నాను. "సరే, పంపించు. క్రిస్మస్‌కు కొట్టు ముందువరసలో పెడతాను," అంది.

విల్లాల వాళ్ళు వచ్చారు. అసుంతా పిన్ని బుట్ట పట్టుకుని గోడ దాకా వెళ్ళి, "ఏమయ్యా, పూలు కోయడానికొచ్చారా? సంచులు అక్కడున్నాయి," అంది. వెళ్ళిపోయారు.

తోటలో ఇంకా పూలున్నాయి. రండి.

జిస్లేన్

*

ఆర్ల్
అక్టోబరు

అమ్మాయ్ జిస్లేన్,

నీ ఉత్తరం పడవ ముందు భాగంలో కూర్చుని చదివాను. గాస్పార్ చుక్కాని వదిలేసి వచ్చి, "ఏం రాసిందిరా? ఏడుస్తున్నావేం?" అన్నాడు. "బాగాలేదందిరా!" అని అరిచాను. "బాగాలేదంటే ఇంత సంబరమేమిట్రా వెధవా," అని పోయి పడవను సరిగ్గా గట్టుకు గుద్దాడు.

జాజి కింద ఎండుగడ్డి! నిజమే, నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. కళ్ళు మూసుకుని తలలో కలిపి చూశాను. కుదరలేదు, నా తలలో ఆ వాసన లేదు. అంటే నేను ఎరగని వాసనొకటి మన కార్ఖానాలో పుట్టిందన్నమాట.

ఆ మూత సంగతి నీకు తెలియదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఇక్కడ నది వెడల్పయిపోయింది. సముద్రం దగ్గర పడుతుంటే నీళ్ళకు తొందర తగ్గుతుందేమో. సాయంత్రాలు ఎండ నీటి మీద పరుచుకుని, పడవ ఉన్నదీ లేనిదీ తెలియదు. ముక్కు రాలేదు. రాదనే డాక్టరూ అన్నాడు. కానీ పూలు తూచగలను. ఏ ఏడు వాన జాజిని ఎలా మార్చిందో చెప్పగలను. అసుంతాకు ఎదురు జవాబు చెప్పగలను, ఆ పని వేరెవరికీ చేతకాదు. వాసన మాత్రం నువ్వు చెప్పాలి, నేను వినాలి.

గాస్పార్ రేపు పడవ కట్టేస్తాడు. ఆదివారం సాయంత్రం రైలుకు కాన్ స్టేషన్‌లో దిగుతాం. నీ చిన్న బండి కాకుండా పూలు వేసే వ్యాను తీసుకురా. మేడ మీద తూర్పు గది దులిపించు, కిటికీ తెరిచి ఉంచు.

'దిగుతాం' అని పొరపాటున రాయలేదమ్మా. పులుసులో ఉప్పు సంగతి నేను ముందే చెప్పాను, ఆవిడే వినడం లేదు.

మామయ్య